తాత వేట రైఫిల్‌కి 35 వేలేనా? అసలు విలువ కట్టేది ఎట్లా?

పాకాల_వాసు
మా తాత కాలం నాటి వేట రైఫిల్ ఒకటి ఉంది. తాత తర్వాత లైసెన్స్ నాయన పేరు మీదికి మారింది. నాయన కిందటేడు కాలం చేశారు. ఇంట్లో పెట్టుకోకూడదు అని స్టేషన్‌లో చెబితే తీసుకెళ్ళి ఒక డీలర్ దగ్గర డిపాజిట్ చేశాం. ఇప్పుడు అమ్మేద్దామంటే అదే డీలర్ అటూ ఇటూ తిప్పి చూసి, 35 వేలు, అదీ మీ నాయన మొహం చూసి ఇస్తున్నా అంటాడు. బ్యారెల్ మీద పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్ అని నగిషీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. నెట్‌లో చూస్తే లండన్ వేలంపాటల్లో ఈ కాలం నాటివి వేల పౌండ్లు పలుకుతున్నాయి. గుండు కొండ మీదే కొడతారనుకున్నా, కింద కూడా కొడుతున్నట్టున్నారు. లైసెన్స్ పుస్తకంలో 315 రైఫిల్ అని రాసి ఉంది. దీని విలువ నిజంగా ఎంతుంటుంది?

చిత్తూరోడు77
ఫోటో లేకుండా రేటు చెప్పమంటే ఎట్లబ్బా?

పాకాల_వాసు
వస్తువు డీలర్ దగ్గరుంది. ఫోన్‌లో ఉన్నది ఒకటే ఫోటో, అందులో తుపాకీ కన్నా నా బొటనవేలు ఎక్కువ కనిపిస్తుంది.

మామిడితోట_మామ
35 వేలకైతే నేనే తీసుకుంటా నాయనా. రాత్రయితే అడవిపందులు తోటలో పడి దున్నేస్తున్నాయి.

నిర్వాహకుడు
కొంటా, అమ్ముతా అనే మాటలు ఈ వేదిక మీద వద్దు. విలువ గురించి, కాగితాల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోండి. మామా, పందుల మీద కాల్చడం గురించి కూడా ఇక్కడ రాయకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

మామిడితోట_మామ
పందులకి చదువు రాదు కాబట్టి వాటికి చట్టం లేదు, అన్నీ నాకే.

పాత_ఇనుము
వాసూ, ముందు ఆ లండన్ రేట్లు బుర్రలోంచి తీసెయ్. ఆ రేటు అక్కడి కొనేవాడిది, అక్కడి తూటాలది, అక్కడి చట్టానిది. నీ తుపాకీ ఆ వేలానికి పోలేదు. వందేళ్ళు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద మామూలు మనిషి దేశం దాటించడానికే లేదు. అంటే నీకు కొనేవాడు ఇక్కడే దొరకాలి, వాడికి లైసెన్స్ ఉండాలి, ఆ లైసెన్స్‌లో ఖాళీ ఉండాలి. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. అంతకుముందు మూడు ఉండేవి. మూడోది వదిలించుకోవాల్సి వచ్చిన వాళ్ళంతా ఒకేసారి అమ్మకానికి దిగారు, పాత సరుకు రేటు అప్పుడే పడింది. డీలర్‌కి ఇదంతా తెలుసు.

అట్లని 35 వేలే సరైన రేటు అనడం లేదు. ఎనభైల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి మూసేశారు కాబట్టి, దేశంలో ఉన్న మంచి ఇంగ్లీషు సరుకు ఉన్నంతే, కొత్తగా రాదు. ఆ కారణంగా కొన్నిటికి ఇక్కడ అక్కడికన్నా ఎక్కువ పలుకుతుంది. నీది ఆ కొన్నిట్లో ఉందా అన్నదే తేలాలి.

పి. ఓర్ వాళ్ళు మద్రాసులో గడియారాలు, నగలు అమ్మిన పెద్ద షాపు, తుపాకులూ అమ్మేవాళ్ళు. తయారు చేసింది వాళ్ళు కాదు. ఇంగ్లండ్‌లో ఎవరో చేసి పంపితే దాని మీద వీళ్ళ పేరు చెక్కించేవాళ్ళు. కలకత్తాలో మాంటన్, రోడ్డా షాపులు కూడా అదే పని. కాబట్టి ఆ నగిషీ పేరు చూసి మురిసిపోకు. ఈసారి వెళ్ళినప్పుడు డీలర్ ఎదుటే బోల్టు, అంటే వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే ఇనుప కడ్డీ, తీయించి, బ్యారెల్ మొదట్లో కట్టెకి ఆనుకొని ఉన్న చోట చిన్న చిన్న ముద్రలుంటాయి, అవన్నీ ఒక కాగితం మీద గీసుకొని రా. కిరీటం బొమ్మలు, అక్షరాలు, అంకెలు, ఏదీ వదలొద్దు.

ఏడుకొండల_ఏకాంబరం
ఇంత కథ ఎందుకు? వందేళ్ళు దాటితే అది పురాతన వస్తువు, లైసెన్సే అక్కర్లేదు. గోడకి తగిలించుకో.

న్యాయవాది_లలిత
దయచేసి ఇట్లాంటి సలహాలు ఇవ్వకండి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది వయసుకి ఇచ్చింది కాదు. పాతకాలపు రకమైనా, పాడైపోయిందైనా, రిపేరు చేసినా చెయ్యకపోయినా ఇక తుపాకీగా పనికిరానిదై ఉండాలి. వాసు గారి రైఫిల్ బోల్టు ఆడుతుంది, ట్రిగ్గర్ పడుతుంది. గోడకి తగిలిస్తే నేరుగా కేసే.

వాసు గారూ, మీకు దారులు రెండున్నాయి. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ప్రకారం వారసుడిగా మీరే లైసెన్స్ అడగొచ్చు, మీ అమ్మగారు, తోబుట్టువులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అది వద్దంటే ఆయుధాల చట్టం 21వ సెక్షన్ కింద, డిపాజిట్‌లో ఉన్నదాన్ని అర్హత ఉన్న మనిషికి అమ్మి డబ్బు తీసుకునే హక్కు వారసులకి ఉంది. గడువు దాటేదాకా ఏదీ చెయ్యకుండా వదిలేస్తే జిల్లా మెజిస్ట్రేట్ ఉత్తర్వుతో ప్రభుత్వానికి జప్తు అయిపోతుంది. డీలర్లు తక్కువ రేటు చెప్పి మిమ్మల్ని నాన్చేది కూడా ఆ గడువు చూసుకొనే. డిపాజిట్ రసీదు మీద తేదీ ఎంతుందో ఈరోజే చూడండి.

పాకాల_వాసు
అక్కా, నాయన పేరు మీద పుస్తకం ఇచ్చింది చిత్తూరు కలెక్టరేట్. ఇప్పుడు మా పాకాల తిరుపతి జిల్లాలో ఉంది. ఎక్కడికి పోవాలి?

న్యాయవాది_లలిత
2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చాలామందికి ఇదే తిరుగుడు. దరఖాస్తు తిరుపతిలో పెట్టండి, పాత ఫైలు ఎక్కడుందో ఆ సెక్షన్‌లోనే నోటితో కాదు, రాతపూర్వకంగా అడగండి.

రిటైర్డ్_హెడ్డు
డీలర్ దగ్గర పెట్టి మంచి పని చేసినావు తమ్ముడూ. స్టేషన్ సామాన్ల గది, అదే మాల్‌ఖానాలో పెట్టింటే ఈపాటికి తుప్పు పట్టుండేది. ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడల్లా మా దగ్గర డిపాజిట్లు గుట్టపడేవి. చీటీ కట్టి లక్క సీలు వేసి గోడకి ఆనించడమే, నూనె పెట్టే తీరిక ఎవరికుంటుంది? వానాకాలం ఎలక్షన్ వస్తే ఇక చూసుకో. లోపలికి పోయినప్పుడు నల్లగా నిగనిగలాడిన డబుల్ బ్యారెల్ బయటికొచ్చేసరికి ఎర్రబడేది.

భాకరాపేట_బాషా
మీ తాత వేట ఎక్కడ ఆడేవాడో అడిగి తెలుసుకో వాసన్నా. పులుల వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ మా చామల లోయకి పులి కోసం వచ్చినాడు కదా, ఆయన చేతి తుపాకీ అని చెప్పుకో, రేటు పదింతలు.

చిత్తూరోడు77
వచ్చిండాడు. మామండూరు, నాగపట్ల, పులిబోను దిక్కున ఏ ఇంటికి పోయినా మా తాత ఆండర్సన్ దొరకి టీ ఇచ్చినాడు అంటారు. ఆయన తాగిన టీలు లెక్కేస్తే వేటకి టైమే ఉండదు.

పాత_ఇనుము
బాషా జోక్‌గా అన్నా, ఇందులో విషయం ఉంది. ఆండర్సన్ ఎక్కువగా వాడింది .405 వించెస్టర్, 1895 మోడల్, కింద లీవర్ లాగి తూటా ఎక్కించే రకం. బోల్టు రైఫిల్ చూపించి ఆయనదంటే తెలిసినవాడు నవ్వి లేచిపోతాడు. ఫలానా వాళ్ళ తుపాకీ అన్న మాటకి విలువ రావాలంటే వస్తువు మీదో కాగితం మీదో రుజువుండాలి. చంపావత్ పులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కి ఇచ్చిన రిగ్బీ కంపెనీ .275 రైఫిల్ ఉంది చూడు, దాని కట్టెకి వెండి రేకు బిగించి, ఎవరు, ఎవరికి, ఎందుకు ఇచ్చారో చెక్కారు. అందుకే అది ఈరోజుకీ ఆ కంపెనీ దాచుకునే వస్తువైంది. మన ఇళ్ళలో అట్లాంటిది దొరకదు. పాత బిల్లు, తాత కాలం నాటి లైసెన్స్ కాగితం, తుపాకీ పట్టుకొని తీసుకున్న ఫోటో దొరికితే మాత్రం పారేయకండి. రేటు పదింతలు కాదు, కొంచెం పెరుగుతుంది. కొనేవాడికి నమ్మకం కుదురుతుంది, అది ఇంకా ముఖ్యం.

పాకాల_వాసు
ఇవాళ పొయ్యొచ్చినా. కాగితం మీద గీసుకున్నది ఇదీ: కిరీటం కింద బీపీ, ఇంకో కిరీటం కింద బీవీ, ఇంకోదాని కింద ఎన్‌పీ. పక్కన .318 అని ఉంది. ఐదో ఎనిమిదో అని భూతద్దంతో చూసినా, ఎనిమిదే. తుపాకీ అడుగున తూటాలు పట్టే అర మూత కింద జర్మన్ మాదిరి అక్షరాలేవో ఉన్నాయి, చదవడానికి కుదరలేదు. లైసెన్స్‌లో మాత్రం 315 అనే ఉంది. డీలర్‌ని అడిగితే రెండూ ఒకటేలే, ఐదుకీ ఎనిమిదికీ ఏం తేడా అన్నాడు.

పాత_ఇనుము
ఆగు ఆగు. ఆ డీలర్ మాట విని ఎవరూ దాంట్లో 315 తూటా పెట్టకండి. ఇది రేటు కన్నా ముందు చెప్పాల్సిన మాట.

315 అని మన దేశంలో ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల వాళ్ళు అమ్మేది నిజానికి 8×50 మ్యాన్లికర్ తూటా, అడుగున అంచు బయటికి ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో సైన్యం వాడే .303 తూటా జనం చేతికి పోకూడదని ఆంక్ష పెడితే, దాని బదులు ఈ 315 ఇక్కడ పాతుకుపోయింది. .303 ఇప్పటికీ ప్రొహిబిటెడ్ బోరే, అంటే మామూలు జనానికి లైసెన్స్ ఇవ్వని కొలత. నీ దాని మీద ఉన్న .318 అనేది వెస్ట్లీ రిచర్డ్స్ వాళ్ళు 1910 ప్రాంతంలో తెచ్చిన పూర్తిగా వేరే తూటా. అంచు బయటికి ఉండదు, పొడవు ఎక్కువ, గుండు వ్యాసం .330 అంగుళాలు. పేరులో 318 ఉంది కదా అని గుండు 318 కాదు, అదింకో తిరకాసు. ఆ తూటా రైఫిల్‌ని జర్మన్ మౌజర్ 98 బోల్టు, రిసీవర్ మీద కట్టేవాళ్ళు, నువ్వు చూసిన జర్మన్ అక్షరాలు దానివే అయ్యుంటాయి. కిరీటం బీపీ, బీవీ, ఎన్‌పీ ఇంగ్లండ్‌లో తుపాకులు పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు. ఎన్‌పీ అంటే పొగలేని మందుకి పరీక్ష చేసి పాస్ చేశారని. 1904 తర్వాతిదీ, 1954 ముందుదీ అన్నమాట.

అంటే వాసూ, మీ తాత దగ్గరున్నది మామూలు 315 కాదు. ఆఫ్రికాలో ఏనుగుల వేటగాళ్ళు కూడా మోసిన రకం.

చిత్తూరోడు77
అయితే జాక్‌పాటే!

బోర్‌వెల్_బాబు
ఏం జాక్‌పాట్? దానికి తూటా ఏది? 315కి అయితే ఏ డీలర్ దగ్గరైనా ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తూటా దొరుకుతుంది. .30-06 కూడా దొరుకుతుంది. 318కి కైనాక్ వాళ్ళు చేసిన పాత పెట్టెలు ఎవరి దగ్గరైనా మిగిలుంటే మిగిలినట్టు, అవి కూడా పేలతాయో లేదో దేవుడికెరుక. కాల్చలేని తుపాకీ నా లెక్కలో నూనె పూసుకోవాల్సిన కర్ర. 35 వేలు ఎక్కువే.

పాత_ఇనుము
కాల్చేవాడికి కర్రే, ఒప్పుకుంటా. కానీ ఇట్లాంటిది కొనేవాడు ఎప్పుడూ కాల్చేవాడే ఉంటాడా? లైసెన్స్ ఉండి, ఇంగ్లండ్‌లో కట్టిన మంచి మౌజర్ ఒకటి ఇంట్లో ఉండాలి అనుకునేవాళ్ళు బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉన్నారు. కొద్దిమందే, కానీ ఉన్నారు.

బోర్‌వెల్_బాబు
కొద్దిమంది అని నువ్వే అంటున్నావు కదా. వాళ్ళలో ఒకడి లైసెన్స్‌లో ఖాళీ ఉండి, అది రైఫిల్‌కి రాసిందై ఉండి, వాడు పాకాల దాకా వచ్చేసరికి వాసు గడువు అయిపోతుంది.

రిటైర్డ్_హెడ్డు
మీరిద్దరూ రేటు గురించి కొట్టుకుంటున్నారు. నాకు కనిపించేది వేరే. పుస్తకంలో 315, వస్తువు మీద 318. అప్పట్లో ఆఫీసులో ఎవరో గుమాస్తా తెలిసిన అంకె వేసి రాసేసుంటాడు. ఇది ఇట్లే ఉంటే అమ్మకం కాగితాలు వెనక్కి వస్తాయి, లేదా ఈ తుపాకీ ఆ తుపాకీ కాదు, అసలుది ఎక్కడ అని అడుగుతారు. శేషాచలం చుట్టుపక్కల ఎర్రచందనం కేసులు, నాటు తుపాకుల కేసులు చూసి చూసి మన దగ్గర ప్రతి తుపాకీని అనుమానంగానే చూస్తారు. నంబరు కలుస్తుందా లేదా చూడు ముందు. నంబరు కలిస్తే అంకె తప్పు దిద్దించుకోవచ్చు.

పాకాల_వాసు
నంబరు కలుస్తుంది సార్. పుస్తకంలో ఉన్నదే బ్యారెల్ మీదా, బ్యారెల్ వెనక బోల్టు కూర్చునే రిసీవర్ మీదా ఉంది. బోల్టు మీద చూడలేదు.

పాత_ఇనుము
బోల్టు మీద కూడా చూడాలి. వేరే రైఫిల్ బోల్టు తగిలించి ఉంటే కొనేవాడు అక్కడే సగం రేటు కోస్తాడు, కాల్చడానికి కూడా ప్రమాదం.

పుంగనూరు_పద్మ
ఒక ముఖ్యమైన మాట ఎవరూ చెప్పలేదు. అమ్మేముందు దాన్ని ‘బాగు’ చేయించొద్దు. మా పెదనాన్న దగ్గర ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ ఉండేది. పెళ్ళిలో అందరూ చూస్తారని ఊళ్ళో ఒకాయనకి ఇచ్చి మెరుగు పెట్టించారు. ఎమెరీ కాగితంతో రుద్దేసి, మళ్ళీ నల్లరంగు ఎక్కించి, కట్టెకి మంచాలకి వేసే వార్నిష్ కొట్టారు. అక్షరాల అంచులన్నీ అరిగిపోయాయి, ప్రూఫ్ ముద్రలు వేలితో తడిమినా తెలియనంతగా పోయాయి. చూడ్డానికి భలే ఉండేది. తర్వాత అమ్మబోతే, వచ్చినాయన వార్నిష్ వాసన చూసి, అక్షరాల మీద గోరు పెట్టి గీసి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

బోర్‌వెల్_బాబు
టీ అయినా తాగినాడు.

పాత_ఇనుము
పద్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. చేతితో పట్టుకునే చోట నలుపు పోయి ఇనుము వెండిలా తేలి ఉంటే అది తప్పు కాదు, నిజమైన అరుగుదల. అంతా ఒకేలా కొత్తగా నల్లగా ఉంటేనే అనుమానించాలి. స్క్రూల గాడులు చూడాలి. చెయ్యి తెలిసినవాడు తిప్పితే గాడి అంచు పదునుగా ఉంటుంది, సైకిల్ షాపు స్క్రూడ్రైవర్ పెడితే పెదవి పగిలినట్టు ఉంటుంది. గురి చూసే టెలిస్కోప్ బిగించడానికి రిసీవర్‌కి కొత్తగా రంధ్రాలు వేశారా, బ్యారెల్ మూతి కోసి పొట్టి చేశారా, భుజానికి ఆనే వెనక చివర రబ్బరు ముక్క కోసం కట్టె కోశారా, ఇవన్నీ రేటు తినేసేవే. కట్టెలో ముఖ్యంగా బోల్టు వెనక, బొటనవేలు ఆనే చోట చూడు వాసూ. వెనక్కి తన్నే దెబ్బకి అక్కడే సన్నగా నిలువు పగులు వస్తుంది.

లోపల చూడ్డం ఇట్లా. ఖాళీగా ఉందని ఖాయం చేసుకొని బోల్టు తీసి, మూతి వైపు తెల్ల కాగితం వంచి పట్టుకుంటే వెలుతురు లోపలికి పడుతుంది. వెనక నుంచి చూస్తే మెలికలు తిరిగిన గాడులు మొదటి నుంచి చివరిదాకా పదునుగా కనపడాలి. మసిలాగా మచ్చలుంటే నూనె గుడ్డ నాలుగుసార్లు లాగి మళ్ళీ చూడు. అప్పుడూ ఉన్నాయంటే అది మసి కాదు, తుప్పు తిన్న గుంటలు. పాత తూటాల అడుగునుండే, మందు అంటించే క్యాప్ పేలితే ఉప్పులాంటిది లోపల మిగిలేది, అది తేమ పీల్చుకొని ఇనుముని తినేస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్ళతో కడిగి నూనె పెట్టినవాళ్ళ తుపాకులు బాగున్నాయి, రేపు చేద్దాంలే అనుకున్నవాళ్ళవి పోయాయి. తూటా కూర్చునే చోటుకి సరిగ్గా ముందు, మూతి దగ్గర చివరి అంగుళం, ఈ రెండు చోట్ల ఎక్కువసేపు చూడు.

పాకాల_వాసు
మా నాయన వేట ఎప్పుడూ ఆడలేదు. దసరాకి బయటికి తీసి పూజలో పెట్టి కొబ్బరినూనె రాసి మళ్ళీ లోపల పెట్టేవాడు, అంతే.

పాత_ఇనుము
కొబ్బరినూనె బంక కట్టి ఉంటుంది, బోల్టు బిగుసుగా తిరుగుతుంది. మంచి తుపాకీ నూనెతో నానబెట్టి తుడిస్తే పోతుంది. గీకొద్దు. తోలు సంచిలో పెట్టి ఉంటే వెంటనే బయటికి తియ్, తోలు తేమ పట్టి ఉంచుతుంది.

ఏడుకొండల_ఏకాంబరం
మీరందరూ తుపాకీ డాక్టర్లలా ఉన్నారు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నా.

పాకాల_వాసు
మళ్ళీ పొయ్యొచ్చినా. బోల్టు నంబరు కలిసింది. గాడులు బాగానే కనిపించినాయి, తూటా కూర్చునే చోటు ముందు మాత్రం గుడ్డ లాగినా పోని మచ్చలు కొన్ని ఉన్నాయి. బోల్టు వెనక కట్టెలో వెంట్రుకంత పగులు ఉంది, తాత కాలంలోనే ఎవరో పక్కనుంచి సన్నటి ఇత్తడి సీల వేసి బిగించినట్టున్నారు. స్క్రూలు శుభ్రంగా ఉన్నాయి. రంధ్రాలేవీ లేవు. నేను కాగితం పట్టుకొని చూస్తుంటే డీలర్ కాసేపు ఊరుకొని, పోనీ 50 వేలు చేద్దాంలే అన్నాడు.

చిత్తూరోడు77
తెల్ల కాగితం ఖరీదు 15 వేలు!

బోర్‌వెల్_బాబు
50కి ఇచ్చెయ్ వాసూ. గుంటలు, పగులు, దొరకని తూటా, తప్పు కాగితం. ఇంతకన్నా ఎవడిస్తాడు?

పాత_ఇనుము
నేనైతే ఇవ్వను. నంబర్లు మూడూ కలిశాయి, ఎవరూ చెయ్యి పెట్టలేదు, పాత రిపేరు పద్ధతిగా ఉంది. ఇత్తడి సీల చూసి భయపడొద్దు, అప్పట్లో మంచి పనివాళ్ళు అట్లే చేసేవాళ్ళు. అయితే బాబు చెప్పిన నాలుగిట్లో కాగితం ఒక్కటే నీ చేతిలో ఉన్నది. అది సరిచేయకుండా నువ్వు ఎవరికి చూపించినా వాడు డీలర్ రేటే చెబుతాడు. సరిచేశాక ఇంకో ఊరి డీలర్‌కి ముద్రల ఫోటోలు పంపి, పాత తుపాకులు కొనే లైసెన్స్‌దారు ఎవరైనా ఉన్నారా అని అడుగు. లక్ష దాటుతుందని నా అంచనా, అంచనా మాత్రమే. ఆ మచ్చలు ఎంత లోతో చూసిన మనిషే గట్టిగా చెప్పగలడు.

మామిడితోట_మామ
లక్షా! పందులే నయం.

న్యాయవాది_లలిత
వరస ఇట్లా పెట్టుకోండి. ముందు డిపాజిట్ గడువు చూసుకొని, వారసులుగా అమ్ముకునే ఉద్దేశం ఉందని కలెక్టర్‌కీ, స్టేషన్‌కీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 5వ సెక్షన్ ప్రకారం మామూలు మనిషి అమ్మాలంటే తెలియజేశాక కనీసం 45 రోజులు ఆగాలి, ఆ రోజులు నడుస్తుండగానే బోరు అంకె దిద్దించే దరఖాస్తు వేసుకోవచ్చు. డీలర్ తొందరపెడితే ఆ రసీదు చూపించండి.

పాకాల_వాసు
సోమవారం కలెక్టరేట్‌కి పోతా అక్కా. అమ్మ, చెల్లెలు సంతకాలు పెడతామన్నారు. అసలు అమ్మడం ఎందుకు, నేనే లైసెన్స్ తీసుకుంటా అని చెల్లెలు అంటోంది. కాలేజీలో ఎన్‌సీసీ చేసింది. ఇంట్లో ఇప్పుడు అదొక గొడవ.

పుంగనూరు_పద్మ
చెల్లెలికే ఇవ్వండి, వార్నిష్ మాత్రం కొట్టనీకండి.

రిటైర్డ్_హెడ్డు
ఎవరు తీసుకున్నా సరే. దరఖాస్తులో బ్యారెల్ నంబరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. రిసీవర్, బోల్టు నంబర్లు కూడా రాయి, .318 అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయి, ప్రూఫ్ ముద్రల ఫోటో జత చెయ్. వెరిఫికేషన్‌కి వచ్చే అబ్బాయికి ఐదుకీ ఎనిమిదికీ తేడా చూపించడానికి ఆ భూతద్దం కూడా దగ్గర పెట్టుకో.